ఒంటిచెయ్యి సామి

గ్యాసు కట్టేశామా లేదా అని మూడుసార్లు చూసుకునే మరిది, ఆ ఒక్క రోజు మాత్రం మిషను పిన్ను తీసి జేబులో వేసుకోవడం ఎలా మర్చిపోయాడు? ఇరవై రెండేళ్ళుగా ఆ ఇల్లాలి మనసులో ఈ సందేహం ఉంది. పొద్దున్నే దేవుడి ముందు కూర్చున్నప్పుడు కూడా ఒక్కోసారి వచ్చి పక్కన కూర్చునేది. ఇంట్లో ఎవరినీ అడగలేదు. అడిగితే భర్త మొహం మాడిపోతుంది, మరిది మొహం వాడిపోతుంది. దేవుణ్ణి అడిగింది గాని, ఆయన ఇలాంటివాటికి తొందరగా జవాబు చెప్పడు.

వాళ్ళది పుస్తకాలు బైండు చేసే ఇల్లు. ముందు గదుల్లో వర్కుషాపు, వెనక గదుల్లో సంసారం, మేడమీద ఒక్క గదిలో మరిది. కాగితాల దొంతరను కోసే మిషనుకు లివరు పక్కన గుండ్రని తల, వంగిన కొస ఉన్న వేలెడంత ఇనప పిన్ను ఉంటుంది. అది తీసేస్తే లివరు ఎంత లాగినా ఉత్తినే ఊగుతుంది, కత్తి దిగదు. అందుకే ఆ వర్కుషాపులో ఒక నియమం ఉంది. కత్తి కింద చెయ్యి పెట్టేవాడే పిన్ను తీసి తన జేబులో వేసుకోవాలి. ఇరుక్కున్న కాగితం ముక్కలు తీయడానికి మరిది చెయ్యి పెట్టిన రోజున పిన్ను మిషనులోనే ఉంది. లివరు దగ్గర అతని అన్న, అంటే ఆమె భర్త, ఉన్నాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. "మతిమరుపు వెధవ, పిన్ను తియ్యడం మర్చిపోయాడు" అని అన్న ఏడుస్తూ అందరికీ చెప్పాడు. తమ్ముడు కాదనలేదు.

ఆ ఉదయం భోజనాల బల్ల నిండా బొమ్మలు పరిచి ఉన్నాయి. కూతురు ఒక కామిక్సు కంపెనీకి బొమ్మలు గీస్తుంది. బయట ఏ పేరున్నా ఇంట్లో అందరికీ పిట్టే. చెవి దగ్గర ఫోను, చేతిలో పెన్సిలు, ఎదురుగా చల్లారిపోతున్న టీ.

"లేదు సార్, చెయ్యి మళ్ళీ మొలవదు... సూపర్ హీరో అయితే మాత్రం?... అయ్యో, ఇనప చెయ్యి కూడా వద్దు సార్!"

ఫోను పెట్టేయగానే బాబాయి నవ్వాడు. "ఏమంటాడే మీ ఎడిటరు?"

"హీరోకి రెండు చేతులుండాలట బాబాయ్. పైగా దేవుళ్ళు అబద్ధం చెప్పారంటే పిల్లలు చెడిపోతారట. పన్నెండింటి లోపల మార్చి పంపకపోతే వేరేవాళ్ళతో గీయిస్తాట్ట."

"మారిస్తే ఇంక ఒంటిచెయ్యి సామి ఎందుకవుతాడు? రెండు చేతుల హీరోలు వీధికి పదిమంది ఉన్నారు."

ఒంటిచెయ్యి సామి అన్న పేరు బాబాయి పెట్టిందే. చెయ్యి పోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఉత్తరాన మంచు దేశాల నార్సు దేవుళ్ళ కథలు ఇంకా కుట్టని అచ్చుకాగితాల ఫారాలుగా బైండింగుకు వచ్చాయి. ఎడమచేత్తో ఒక్కో ఫారమే తిప్పుతూ ఒళ్ళో ఉన్న పిట్టకు చదివి వినిపించేవాడు. దేవుళ్ళ మధ్య ఒక తోడేలు పిల్ల పెరిగి కొండంతయింది. వాళ్ళకు భయం పుట్టింది. దారంత సన్నని పట్టీ తెచ్చి, సరదాకి కడతాం, తెంచుకోలేకపోతే మేమే విప్పేస్తాం అన్నారు. అయితే మీలో ఒకరు నా నోట్లో చెయ్యి పెట్టండి అంది తోడేలు. అందరూ పక్కచూపులు చూశారు. ఒక్కడు పెట్టాడు. పట్టీ తెగలేదు, దేవుళ్ళు విప్పలేదు, నవ్వారు. వాడి చెయ్యి పోయింది. ఆ దేవుడే ఇప్పుడు పిట్ట బొమ్మల్లో వీపు వెనక కేపు ఎగరేసుకుంటూ మేడల మీద తిరుగుతాడు. ఎవరు ఎక్కడ మాట తప్పినా అక్కడ దిగుతాడు.

ప్రార్థన ముగించుకుని పిట్ట తండ్రి బైండరు వచ్చాడు. బల్లను చూడగానే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"మళ్ళీ ఇదేనా? ఎవరి దేవుడైనా దేవుడే. కొలిచేవాళ్ళు లేరు కదా అని బిగుతు బట్టలు తొడిగి గోడలు దూకిస్తావా? రేపు మన దేవుడికి ఎవరైనా అలా తొడిగితే?"

"మన దేవుడు నీ అంత కోపిష్ఠి కాదులే నాన్నా."

తల్లి నవ్వు దాచుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది. కొలిచేవాళ్ళు లేని దేవుడికి ఒక పిల్ల బొమ్మ గీస్తే, అదీ ఒకరకం పూజ కాదా అని ఆమెకు తోచింది గాని పైకి అనలేదు.

విడి కాగితాలు కనబడితే బైండరు చేతులు ఊరుకోవు. తిడుతూనే బొమ్మలన్నీ పోగుచేసి, అంచులు బల్లకు తట్టి సమం చేయసాగాడు. ఒకసారి తట్టాడు, రెండోసారి తట్టాడు. మూడోసారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

పైనున్న బొమ్మలో దేవుడి చెయ్యి తోడేలు నోట్లో ఉంది. ఆ దేవుడిది తమ్ముడి మొహం, అదే వంకర ముక్కు. తోడేలు పై పళ్ళు కత్తిలా ఒకే వరసలో ఉన్నాయి. వెనక దేవుళ్ళు పగలబడి నవ్వుతున్నారు. అందరికన్నా ముందున్నవాడిది తన బట్టతల, తన గడ్డం. వాడి పిడికిట్లో, పట్టీని బండకు బిగించే మేకు. వేలెడంత. ఒక పక్క గుండ్రని తల, రెండో పక్క వంగిన కొస.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఏంటి నాన్నా?"

"ఎవరు చెప్పారని అడుగుతున్నా!" బల్ల మీద పిడికిలి పడింది. టీ కప్పు దొర్లి బొమ్మల మీదికి పారింది. పిట్ట కెవ్వుమంది. ఆయన ఆమెను చూడటం లేదు, తమ్ముణ్ణి చూస్తున్నాడు.

"ఇన్నాళ్ళకి నోరు విప్పావన్నమాట! కసి తీర్చుకోడానికి నా కూతురే దొరికిందట్రా నీకు? నీ చేతిలోంచి పిన్ను లాక్కుంది నేనేనని పుస్తకమేసి ఊరంతా పంచుతావా?"



పిట్ట తడిసిన కాగితాన్ని పైకెత్తి పట్టుకునే ఉంది. "బాబాయ్ నాకేం చెప్పలేదు నాన్నా. ఆ మేకు నీ సొరుగులోది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా కదా, బాగుందని గీశాను. మొహాలంటావా, మనింట్లోవాళ్ళవే పెట్టాను. అదిగో, ఆ చివర చెవులు మూసుకున్న దేవత అమ్మే."

తల్లి స్టవ్ కట్టేసి వచ్చింది. "పిన్ను మీరు లాక్కున్నారా?"

బైండరు దొర్లిన కప్పును నిలబెట్టాడు.

"మిమ్మల్నే అడుగుతున్నా."

"ఆ రోజు తొందర." ఆయన గొంతు ఇంకా కోపంగానే ఉంది గాని, ఆ కోపానికి ఇప్పుడు నిలబడే చోటు లేదు. "దొంతర దొంతరకీ వాడు పిన్ను తియ్యడం, పెట్టడం. ఇలా తే, నేనున్నానుగా అని లాక్కుని మిషనుకి పెట్టేశాను. ఫోను మోగింది. అటు తిరిగి మాట్లాడుతూ అలవాటు కొద్దీ లివరు లాగేశాను."

"మరి మర్చిపోయాడని ఎందుకు చెప్పారు?"

ఈసారి మరిది లేచాడు. ఆయన గొంతు అంత పెద్దదని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

"చెయ్యి సంగతి నేనెప్పుడైనా ఎత్తానా అన్నయ్యా? చెయ్యి పోతే పోయింది, కావాలని చెయ్యలేదు నువ్వు. కానీ ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి నేను మతిమరుపువాణ్ణి! తాళాలు నాకివ్వవు. మిషను దగ్గరికి రానివ్వవు. ఇరవై రెండేళ్ళుగా అట్టలకి జిగురు రాస్తున్నా. ఆఖరికి నాకే అనుమానం పట్టుకుంది, నిజంగా నువ్వే లాక్కున్నావా, లేక నేనే తియ్యడం మర్చిపోయానా అని. గ్యాసు మూడుసార్లెందుకు చూస్తానో తెలుసా వదినా? అంతకుముందు ఎప్పుడైనా చూశానా?"

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. తను కాపురానికి వచ్చిన కొత్తలో ఈ మనిషి తలుపు వేసి వెనక్కి తిరిగి చూసేవాడు కాదు; ఈ చూసుకోవడమంతా చెయ్యి పోయాకే. ఇన్నేళ్ళూ తన సందేహాన్ని తలకిందులుగా మోసింది. "తాళం వేశావా మరిదీ, సరిగ్గా చూశావా" అని తనెన్నిసార్లు ఎగతాళి చేసిందో. ఆమె కళ్ళు నిండాయి.

"చెప్పొచ్చుగా! అప్పుడే గట్టిగా చెప్పొచ్చుగా!" అన్నాడు బైండరు.

"నువ్వు చెప్తావని చూశాను. రోజూ గంటసేపు దేవుడి ముందు కూర్చుంటావు. ఇవాళ లేచొచ్చి చెప్తాడు, రేపు లేచొచ్చి చెప్తాడు అని..."

"ఆయనకి చెప్పాను రా. రోజూ చెప్తూనే ఉన్నాను."

"చెయ్యి పోయింది ఆయనకి కాదండీ" అంది భార్య.

బైండరు కుర్చీలో కూలబడ్డాడు. పిట్ట గుడ్డతో టీ అద్దుతూ, "ఆ మొహం చెరిపేస్తాలే నాన్నా" అంటూ రబ్బరు తీసుకుంది.

"వద్దు. మొహం ఉండనీ." ఆయన ఆ బొమ్మను దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశాడు. "ఆ నవ్వొక్కటి తీసెయ్యి తల్లీ. నేను నవ్వలేదు. ఒరేయ్, నేను నవ్వలేదురా ఆ రోజు."

"తెలుసన్నయ్యా. నీ చొక్కా విప్పి నా చేతికి చుట్టింది నువ్వే కదా."

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు బైండరుకు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. మొహం తుడుచుకోకుండానే లేచి వర్కుషాపులోకి వెళ్ళాడు. ఆ పాత మిషను అమ్మినప్పుడు, కొన్నవాడికి పిన్ను పోయిందని చెప్పి, అసలుది సొరుగులో దాచుకుని, కొత్తది చేయించి ఇచ్చిన మనిషి ఆయన. సొరుగు లాగిన చప్పుడైంది. పాతికేళ్ళుగా అక్కడే ఫారాలు కుడుతున్న పెద్దావిడ తలెత్తింది.

"పెద్దమ్మా, ఆ రోజు వాడు మర్చిపోలేదు. పిన్ను తీశాడు. నేనే లాక్కున్నాను."

ఆవిడ సూది ఆగింది. "ఆ మాట నాక్కాదు నాయనా, వాడికి చెప్పు" అని మళ్ళీ కుట్టుకోసాగింది.

లోపల ఫోను మోగింది. "ఒక్క మార్పు చేస్తున్నాను సార్" అంటోంది పిట్ట. "వెనకున్న దేవుళ్ళలో ఒకాయన నవ్వడు. చెయ్యి మాత్రం మొలవదు. మీకు వద్దంటే చెప్పండి, మా ఇంట్లోనే బైండు చేయించుకుంటాను."

బైండరు తిరిగొచ్చి తమ్ముడి ఎడమచెయ్యి పట్టుకుని, అరచేతిలో పిన్ను పెట్టి వేళ్ళు మూశాడు.

"నీది. అప్పుడే ఇచ్చెయ్యాల్సింది. మిషను తాళాలు గోడ మేకుకి తగిలించి ఉన్నాయి, అవీ ఇవాళ్టి నుంచి నీ దగ్గరే."

తమ్ముడు పిన్నును చొక్కా జేబులో వేసుకున్నాడు. పైనుంచి ఒక్కసారి తడిమి చూసుకున్నాడు. వదిన మిగతా రెండుసార్ల కోసం కళ్ళార్పకుండా చూస్తూ నిలబడింది. ఆయన చెయ్యి జేబు దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు.