దొరగారి పొట్ట

డ్రిల్లు టీచరు రోజూలాగే పొద్దున్నే దొర అనే తన పిల్లిని చంకనెత్తుకుని తూకం మిషన్ ఎక్కింది. తన బరువు తీసేసి చూస్తే దొరగారు మళ్ళీ పెరిగారు. తిండి సగానికి తగ్గించి, డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసినా పొట్ట వేలాడుతూనే ఉంది. ఆవిడ కాలుగాలిన పిల్లిలా హాలంతా తిరుగుతోంటే, అసలు పిల్లి సోఫా కింద దూరి కదలకుండా పడుకుంది.

"అత్తయ్యా, నేను బడికెళ్ళాక వీడికేం పెడుతున్నారు?"

వంటగదిలో అత్తగారు గిన్నె తుడవడం ఆపింది. "నువ్వు కొలిచిచ్చిందే పెడుతున్నానమ్మా."

"మరి గాలి తిని పెరుగుతున్నాడా?"

"నేను అబద్ధమాడుతున్నానంటావా?"

"నేనన్లేదు. తూకం అంటోంది."

అత్తగారు గదిలోకి వెళ్ళి సంచీలో బట్టలు సర్దుకుంది. "కూతురింటికి పోతాను. దొంగనని ముద్ర పడ్డాక ఇక్కడెలా ఉండను?"

ఉండమనాలని కోడలికి గొంతుదాకా వచ్చింది. అభిమానం అడ్డొచ్చింది. ఇంతలో దొర ఆ సంచీ ఎక్కబోయి, ఎక్కలేక చతికిలబడి ఆయాసపడ్డాడు. ఆమె కంగారుగా వీపు నిమిరింది. చేతికి ఎముకలు తగిలాయి. ఇంత పొట్టున్న పిల్లికి వెన్నెముక తేలడమేమిటి? ఇన్నాళ్ళూ ఆమె అంకె చూసింది కానీ పిల్లిని చూడలేదు.

ఇద్దరూ ఆసుపత్రికి పరిగెత్తారు. అత్తగారి భుజాన సంచీ అలాగే ఉంది. డాక్టరు స్కాన్ చేసి, పొట్టలోకి సూది దించితే పసుపుపచ్చటి నీళ్ళు సీసాలోకి దిగాయి.

"ఇది కొవ్వు కాదమ్మా, నీరు. కాలేయం నుంచి రక్తం వెళ్ళే సిర ఇరుకైంది. అక్కడ రక్తం నిలిచిపోయి, కడుపులోకి నీరు ఊరుతోంది. మందులిస్తాను. నీరు మళ్ళీ చేరొచ్చు, గట్టిగా చెప్పలేను. ముందు తిండి పెట్టండి, బాగా చిక్కిపోయాడు."

కోడలు తలెత్తలేకపోయింది. "తప్పయిపోయింది అత్తయ్యా. మీరు ఒక్కసారైనా చాటుగా పెట్టి ఉంటే ఎంత బాగుండేది."

"బీరువా ముందు కూచుని అరిచేవాడు. నీ మాట కాదనలేక నా గది తలుపేసుకునేదాన్ని. ఆ తలుపూ గీరేవాడమ్మా," అంటూ అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. కోడలు ఆమె భుజం మీద తల పెట్టి భోరుమంది.

ఇంటికి రాగానే కోడలు సంచీ తను తీసుకుని, బీరువా తాళంచెవి అత్తగారి చేతిలో పెట్టింది. "మీరే పెట్టండి."

అత్తగారు గిన్నె నింపింది. దొర తల ఎత్తకుండా తింటున్నాడు.

"మెల్లిగా తిను నాయనా," అంది అత్తగారు పక్కనే కూలబడి. "ఇంకెవరూ కొలవరు."