ఒక్క చుక్క చాలు

భావనారాయణ సమ్మెటతో షెడ్డులోకి వచ్చేసరికి, నాంచారమ్మ అప్పుడే గ్రైండింగ్ అయిన షాఫ్టు నునుపులో తన ముక్కుపుడక చూసుకుంటోంది. పక్కన సాన చక్రం మరో షాఫ్టును ఒరుస్తోంది.

"పక్కకి జరుగు వదినా. దాని తల పగలగొడతాను."

"దానికి తలెక్కడిదయ్యా? అది నీ పోలికే."

'అది' అంటే బిందుపాలిక. యంత్రాల నుంచి కారిన నూనెతో ఒకప్పుడు ఆటోనగర్ కాలువే అంటుకుని మండింది. ఆ మంటల్లోంచి పుట్టిందీ పరికరం. చక్రం రొద విని, లోహం వేడి పసిగట్టి, కావలసిన చోట కావలసినంతే నూనె తుంపర చిమ్ముతుంది. పూర్వం లోహాన్ని చల్లార్చడానికి ధారగా పారిన కూలెంట్ నీళ్ళ పని చుక్కతో కానిచ్చేస్తుంది. లోహం మీద మాడుమచ్చ పడనివ్వదు. ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ దాని చెల్లెలొకటి కూర్చుని దోసెకింత అని చిలకరిస్తోంది. బజ్జీల గురించి పిల్లలు చరిత్ర పాఠంలో చదువుకుంటున్నారు.

చక్రం గొంతు విని కూలెంట్ తిప్పడంలో భావనారాయణ చెవికి సాటి లేదనేవారు. ఇప్పుడా చెవులు కళ్ళజోడు మోయడానికే. నిన్న పక్క షెడ్డువాడు ఆ మాటే అంటే వాడి ముందుపళ్ళు రాలగొట్టి వచ్చాడు. ఇవాళ వంతు బిందుపాలికది.

మొదటి దెబ్బకి దాని దీపం పగిలింది. సమ్మెట మళ్ళీ లేచింది.

"అది పోతే షెడ్డుకి తాళం వేస్తారు! రేపు సమ్మెట వండుకు తింటావా?" అంటూ నాంచారమ్మ చేతికందిన పానా విసిరింది.

అది అతని మోచేతిని విరిచినంత పని చేసింది. సమ్మెట దారి తప్పి చక్రం మూత మీద పడింది. మూత ఊడి ఎగిరింది. అంతసేపూ అది మింగుతున్న నిప్పురవ్వలన్నీ భావనారాయణ చొక్కా మీదికి దూకాయి. చొక్కా చెయ్యి భగ్గుమంది.

రవ్వ అంటుకుంటే ఆటోనగర్ మనిషి ఏళ్ళ తరబడి చేసిన పనే అతనూ చేశాడు. ఆలోచించకుండా చేతిని కూలెంట్ గొట్టం కింద పెట్టాడు. ఆ గొట్టం ఎప్పుడో పోయింది. దాని చోట సూదిమొనంత ముక్కు ఉంది.

బిందుపాలిక షాఫ్టునే చూసింది. షాఫ్టుకి కావలసిన తుంపర చిమ్మింది. మంట దాన్ని ఆబగా తాగింది. వెనక్కి లాక్కోబోయిన చెయ్యి చక్రానికి తగిలింది. రెండు వేళ్ళు ఎగిరి గోడకి కొట్టుకున్నాయి. అరుపు చక్రం రొదను మించింది.

నాంచారమ్మ స్విచ్చి ఆపేసి నీళ్ళకోసం చుట్టూ చూసింది. షెడ్డంతటా తడి అన్నది లేదు. అదే కదా బిందుపాలిక గొప్ప. చివరికి అన్నం క్యారియర్ కనబడింది. అందులోని మజ్జిగంతా అతని చేతి మీద కుమ్మరించింది. మంట చుయ్యిమని చచ్చింది. మజ్జిగా నెత్తురూ కలిసి యంత్రం మీంచి కారాయి.

"ద్రవ వినియోగం పరిమితి దాటింది," అంది బిందుపాలిక మర్యాదగా. "ఒక్క చుక్క చాలు. షాఫ్టు నునుపు: ఉత్తమం."

భావనారాయణ కళ్ళు మూతలు పడుతున్నాయి. చేతి మీది తెల్లటి తడి కేసి చూశాడు.

"కూలెంటొచ్చిందా వదినా?"

"వచ్చిందయ్యా. ధారగా వచ్చింది."

కొంగు చింపి అతని మణికట్టు బిగించి కట్టింది. అంబులెన్సు కోసం వీధిలోకి కేకేసింది.

"ద్రవ వినియోగం..." అని మళ్ళీ మొదలెట్టింది బిందుపాలిక.

నాంచారమ్మ సమ్మెట అందుకుంది.