మొదటి పది లెక్కలోకి రావు

క్రిస్టీని నేను మొదటిసారి చూసినప్పుడు ఆమె చేతిలో రైఫిల్ ఉంది, నా చేతిలో ఉన్ని సాక్సులు ఉన్నాయి. ఎవరిది పైచేయో అప్పుడే తేలిపోయింది.

మిషిగన్‌లోని నోవైలో నాకది మొదటి చలికాలం. మాస్టర్స్ అయిపోయి, కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో కొలతల ఇంజనీరుగా చేరి మూడు నెలలైంది. షాఫ్ట్ ఎంత తిన్నగా ఉందో, పిస్టన్ ఎంత గుండ్రంగా ఉందో కొలవడం నా పని. కొలవనిదే దేన్నీ నమ్మను. ఆ గుణమే నా కొంప ముంచింది.

స్పోర్ట్స్ షాపులో బిల్లింగ్ లైను గన్ కౌంటర్ పక్కనుంచి వెళ్తుంది. కౌంటర్ మీద మూడు రైఫిళ్ళు పరిచి ఉన్నాయి. సేల్స్‌మన్ వాటిలో నిగనిగలాడే చెక్క ఉన్నదాన్ని తెగ పొగుడుతున్నాడు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి తెలుగులో మాట్లాడుతోంది.

"పిట్టల్ని కొట్టడానికి కాదమ్మా. కాగితం మీద గురి చూసుకోడానికి. ఎన్.సి.సి.లో మాకిచ్చేవారే, పాయింట్ టూ టూ, ఆ చిన్న తూటాలదే."

"ఏదో ఒకటి. ఖరీదైంది తీసుకో. చవకది చేతిలోనే పేలిపోద్ది," అంది ఫోన్లో గొంతు.

"ఆ మెరిసేది వద్దండి," అన్నాను. నన్నెవరూ అడగలేదు.

ఆమె తల తిప్పి నన్ను, నా సాక్సుల్ని చూసింది. "మీరు షూటరా?"

"కాదండి."

"ఎప్పుడైనా పేల్చారా?"

"లేదండి."

"పోనీ పట్టుకున్నారా?"

"లేదండి. నేను కొలతల ఇంజనీర్ని. కానీ దాని రేటంతా చెక్కకే. గురి కుదిరేది బ్యారెల్ వల్ల, ట్రిగ్గర్ వల్ల. ఆ మధ్యలో నల్ల ప్లాస్టిక్‌ది చూడండి. బ్యారెల్ లావుగా ఉంది. ట్రిగ్గర్ ఎంత తేలిగ్గా ఉండాలో మనమే స్క్రూతో సెట్ చేసుకోవచ్చని కార్డు మీద రాశారు. రేటు సగం. మిగిలిన డబ్బులు తూటాలకి పెట్టుకోవచ్చు."

సేల్స్‌మన్‌కి తెలుగు రాకపోయినా తన బేరం చెడిపోతోందని అర్థమైనట్టుంది. నల్లదాన్ని తీసి నా ముందుకు చాచాడు. నేను రెండడుగులు వెనక్కి వేసి చేతులు వెనక్కి కట్టుకున్నాను.

"ఏమైంది?" అంది ఆమె.

"స్టూడెంట్ వీసా మీదే ఉన్నానండి. వేట లైసెన్స్ లేకుండా తుపాకీ గానీ తూటా గానీ పట్టుకోకూడదు."

ఆమె నవ్వింది. నవ్వితే ఎడమ కన్ను ముందు మూసుకుంటుంది. గురి చూసి చూసి అలవాటైందని తర్వాత తెలిసింది. "ముట్టుకోకుండానే కొనిపిస్తున్నారన్నమాట. సరే, ఇదే తీసుకుంటా. శనివారం షూటింగ్ రేంజ్‌కి రండి, మీ కొలిచేదేదో తెచ్చుకుని. సరిగ్గా కాల్చకపోతే మీదే పూచీ."

అలా మొదలయ్యాయి నా శనివారాలు.

క్రిస్టీది నరసాపురం. వాళ్ళమ్మ దెబోరా నర్సు. ఆవిడకి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం రావడంతో కుటుంబమంతా గ్రీన్‌కార్డు మీద వచ్చేశారు. అప్పటికి క్రిస్టీకి పంతొమ్మిదేళ్ళు, ఎన్.సి.సి. క్యాంపులో గెలిచిన మెడల్ సూట్‌కేసులో ఉంది. ఇక్కడ చదువు, పార్ట్‌టైం ఉద్యోగాలు, ఆదివారం తెలుగు చర్చిలో పాటలు. ఐదేళ్ళపాటు రైఫిల్ ముట్టలేదు. బయోటెక్ చదువు చివరికొచ్చాక, దాచుకున్న డబ్బుతో ఇది కొనుక్కుంది.

ఆమె యాభై గజాల దూరంలో కాగితం మీద ఐదు కాలుస్తుంది. నేను ఆ ఐదు చిల్లుల్లో బాగా దూరంగా ఉన్న రెండింటి మధ్య ఎడం కాలిపర్‌తో కొలుస్తాను. ఎడం ఎంత తక్కువైతే రైఫిల్ అంత మంచిదన్నట్టు. మొదటివారం ఐదు రకాల తూటాలు తెచ్చింది. ఒకటి ముప్పై ఒక్క మిల్లీమీటర్లు, ఒకటి ఇరవై నాలుగు. మూడో రకంలో మొదటి ఐదూ చెల్లాచెదురయ్యాయి. 'పనికిరాదు' అని రాసేశాను.

ఆమె నా చేతిలో పెన్ను లాగేసుకుంది. "అంత తొందరేంటండి మీకు? బ్రాండ్ మార్చినప్పుడు మొదటి పది లెక్కలోకి రావు. పాత తూటాల మైనం బ్యారెల్‌లో ఉండిపోద్ది. అది పోయి కొత్తది పట్టాలి. అప్పటిదాకా ఓపిక పట్టాలి."

పది వదిలేశాం. తర్వాతి ఐదు పదకొండు మిల్లీమీటర్లలో పడ్డాయి. ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఒకే చిల్లులా ఉన్నాయి.

ఆమె ఆ తూటాల ఆకుపచ్చ డబ్బా మూత తిప్పి లాట్ నంబరు, అంటే తయారైన విడత నంబరు, చూపించింది. "ఇది రాసుకోండి. ఒకే కంపెనీ అయినా ఒక లాట్ నచ్చిన రైఫిల్‌కి ఇంకో లాట్ నచ్చదు. వీటి బుద్ధే అంత."

రాసుకున్నాను. ఆ నంబరు నా బ్యాంకు ఖాతా నంబరు కన్నా బాగా గుర్తుంది.

నాలుగో శనివారానికి 'అండి' పోయింది. ఏడో శనివారానికి నేను ప్రేమలో ఉన్నానని నాకు తెలిసిపోయింది. చెప్పాలనుకున్నాను. మార్చిలో ఉద్యోగ వీసాలకి హెచ్-వన్ లాటరీ తీశారు, నా పేరు రాలేదు. ఇంకో ఏడాది ఉంటానో, పెట్టె సర్దుకుంటానో తెలియనివాడు ఒక అమ్మాయిని ఏమని అడుగుతాడు? ఊరుకున్నాను. ఆ ఊరుకోవడాన్ని అప్పట్లో మంచితనం అనుకున్నాను. భయం అని ఒప్పుకోవడానికి చాలా వారాలు పట్టింది.

మే నెలలో ఆమెకి దక్షిణాన దూరంగా ఉన్న మోరిస్‌విల్‌లో ఉద్యోగం వచ్చింది. చివరి శనివారం వాన. రేంజ్ రేకుల కప్పు మీద చప్పుడు ఎంతలా ఉందంటే, పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాలి. టార్గెట్ కాగితాలు తడిసి వేలాడుతున్నాయి. ఆమె రైఫిల్ పెట్టెలో సర్దుతూ నావైపు చూసింది. చూపు తిప్పుకోలేదు.

"ఏమైనా చెప్పాలా నిశాంత్?"

"చెప్పాలి," అన్నాను. వాన ఇంకాస్త పెరిగింది. "హ్యుమిడిటీ ఎక్కువుంటే గ్రూప్ మారుతుందా అని చూడాలి. అక్కడ గాలిలో తేమ ఎక్కువ కదా."

ఆమె పెట్టె గొళ్ళెం వేసింది. "చూస్తాలే," అంది.

ఇంటికొచ్చి అద్దంలో నన్ను నేను తిట్టుకున్నాను. మా కరీంనగర్ భాషలో తిట్టుకుంటే తప్ప తృప్తి కలగలేదు.

తర్వాతి శనివారం ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. కాగితం మీద ఐదు చిల్లులు, పక్కన ఒక పావు డాలర్ నాణెం. 'నాణెం సైజుని బట్టి కొలిచి చెప్పు.' కొలిచాను. 'పన్నెండు మిల్లీమీటర్లు' అని పంపాను. బొటనవేలు బొమ్మ వచ్చింది. ఆ పై శనివారం మళ్ళీ ఫోటో. జూన్, జూలై అలాగే గడిచాయి. వారమంతా ఆఫీసులో షాఫ్టులు కొలుస్తూ శనివారం కోసం చూసేవాణ్ణి. ఫోటోలో ఒక మూలన ఆమె వేలి గోరు కనిపించినరోజు చిల్లుల్ని కొలవడం మర్చిపోయాను. అంకె కింద ఇంకో మాట టైప్ చేసి, చెరిపేసి, అంకె ఒక్కటే పంపేవాణ్ణి. నువ్వు లేక ఇక్కడ బాగాలేదు అన్నంత చిన్న మాట. అది పంపడానికి నా వేలు రాలేదు.

ఆగస్టులో ఫోటోతోపాటు ఒక మెసేజ్ వచ్చింది. 'ఆకుపచ్చ డబ్బాలు అయిపోయాయి. ఇక్కడ దొరికేవి వేరే లాట్. ఎడం ఇరవై దాటిపోతోంది. సెప్టెంబర్ చివర్లో మ్యాచ్‌కి పేరిచ్చా. పర్లేదులే.'

ఆ 'పర్లేదులే' నాకు నచ్చలేదు.

ఆ లాటు మిషిగన్‌లో ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది. కానీ దొరికినా నేను ముట్టుకోకూడదు. అందుకని, ఇంట్లో బొద్దింక కనిపిస్తే కాగితం మీద ఎక్కించుకుని బయట వదిలేసే నేను, గుడ్డు కూడా తినని ఇంట్లో పుట్టిన నేను, వేట లైసెన్స్‌కి అప్లై చేశాను. ముందు ఆఫీసు ఇమిగ్రేషన్ లాయర్‌కి మెయిల్ పెట్టాను. లైసెన్స్ ఉంటే పర్వాలేదని జవాబిస్తూ, చివర్లో 'అంతా బాగానే ఉంది కదా?' అని అడిగింది ఆవిడ. తర్వాత సేఫ్టీ కోర్సు. నా క్లాసులో సగంమంది మిడిల్ స్కూలు పిల్లలు. తొంభై ఆరు మార్కులతో పాసయ్యాను.

లైసెన్స్ జేబులో పెట్టుకుని మూడు వారాంతాలు తిరిగాను. విక్సమ్, బ్రైటన్, హోవెల్, ఫ్లింట్. ప్రతి షాపులోనూ డబ్బాలు తిప్పి చూసి, నంబరు కలవక పెట్టేశాను. చివరికి ఒక చెరువు పక్కన, చేపల ఎరలు అమ్మే కొట్టులో, వానపాముల ఫ్రిజ్ పక్క అల్మరాలో తొమ్మిది డబ్బాలు దొరికాయి. మూతలు తిప్పితే అదే నంబరు. తొమ్మిదింటికీ అదే. కొట్టు ముసలాయన నా మొహం చూసి, ఇంతకీ దేన్ని వేటాడతావు అని అడిగాడు. ఇంకా తెలియదన్నాను.

శుక్రవారం పొద్దున బయల్దేరాను. ఒహాయో, వెస్ట్ వర్జీనియా కొండలు, మోటెల్లో నిద్ర, మళ్ళీ రోడ్డు. శనివారం పదకొండింటికి మోరిస్‌విల్‌లో క్రిస్టీ అపార్ట్‌మెంట్ తలుపు కొట్టాను. వస్తున్నానని చెప్పలేదు. చెబితే ఎందుకని అడుగుతుంది.

తలుపు తీసింది వేరే ఆవిడ.

"ఎవరు బాబూ?" అంది. ఆ గొంతు నాకు తెలుసు. ఫోన్ స్పీకర్‌లో విన్నాను.

"ఆంటీ, నేను నిశాంత్. నోవై నుంచి. తూటాలు తెచ్చాను."

దెబోరా ఆంటీ నన్నూ, నా చేతిలో సంచినీ చూసింది. "ఎవరి మీదికి నాన్నా?"

"క్రిస్టీ మ్యాచ్‌కి ఆంటీ."

"లోపలికి రా. సరుకులకెళ్ళింది, వచ్చేస్తాది. నిన్నే ఫ్లైట్‌లో దిగాను నేను." నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. "ఎంత దూరం ఉంటది?"

"ఏడొందల మైళ్ళు ఆంటీ."

"ఇయ్యి పార్సిల్‌లో రావా?"

"వస్తాయి ఆంటీ."

"మరి?"

నీళ్ళు తాగాను. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగాను.

ఆవిడ కుర్చీలోంచి లేస్తూ, "నువ్వేనా ఆ చిల్లులు కొలిచే అబ్బాయివి?" అంది.

"అవునాంటీ. ఫోటోలో కచ్చితంగా రాదు. అందుకే కాలిపర్ కూడా తెచ్చాను."

"దేనికి? దానికీ ఉంది కదా ఒకటి." టీవీ కింద సొరుగు లాగి చూపించింది. కాలిపర్. నాదానికన్నా మంచిది. డబ్బాలో జూన్ మొదటివారం రసీదు మడిచి ఉంది. "ప్రతి శనివారం వీడియో కాల్‌లో చూస్తానే ఉంటా, ముందు దీంతో కొలుచుకుంటది. తర్వాత నాణెం పెట్టి ఫోటో తీస్తది. ఎందుకే అంటే, అదంతేలే అమ్మా అంటది."

పదిహేను శనివారాలు. ఆమెకి జవాబు తెలిసే నన్ను అడిగింది.

తలుపు చప్పుడైంది. క్రిస్టీ రెండు చేతులా సంచులతో గుమ్మంలో ఆగిపోయింది. నన్ను చూసింది, ఆకుపచ్చ డబ్బాల్ని చూసింది, తెరిచి ఉన్న సొరుగుని చూసింది. ముందు ఎడమ కన్ను మూసుకుంది. తర్వాత రెండూ మూసుకుంది.

"అమ్మా," అంది నీరసంగా.

"నన్నేం చూస్తావు? ముందు అన్నం తిననీ ఆ అబ్బాయిని. చేపల పులుసు పెట్టాను."

"నేను తిననాంటీ. వెజిటేరియన్."

"మరి ఆ జేబులోంచి తొంగిచూసేది ఏంటి?" అంది క్రిస్టీ.

తీసి ఇచ్చాను. చదివి, వాళ్ళమ్మకిచ్చింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "వేట లైసెన్స్ ఉన్నోడివి పప్పన్నం తింటావా?" అని వంటింట్లోకి వెళ్ళి పప్పు పొయ్యిమీద పెట్టింది.

సాయంత్రం ముగ్గురం రేంజ్‌కి వెళ్ళాం. క్రిస్టీ కొత్త డబ్బా తెరిచి పది వదిలేసి, ఐదు కాల్చింది. చిల్లులు ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. కొలవాల్సిన పనిలేదు. తర్వాత రైఫిల్ నా ముందు పెట్టింది.

"ఇప్పుడు ముట్టుకోవచ్చుగా. పట్టుకో."

నేను కొనిపించిన రైఫిల్‌ని తొమ్మిది నెలల తర్వాత మొదటిసారి పట్టుకున్నాను. చల్లగా, అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ఐదు కాల్చాను. ఆమె కాగితం తెచ్చి కాలిపర్ పెట్టబోయి, ఆగి, చేత్తో జానా వేసి చూపించింది.

"క్రిస్టీ, వీసా సంగతి ఇంకా తేలలేదు," అన్నాను. "మార్చిలో మళ్ళీ లాటరీ. అందుకే ఇన్నాళ్ళూ..."

"తేలేదాకా ఎదురుచూడాలి, అంతేగా? ఇద్దరం విడివిడిగానే చూడాలని రూల్ ఏమైనా ఉందా?"

"లేదు."

"ఎన్నిసార్లు చెప్పాలనుకున్నావు? నిజం చెప్పు. లెక్కపెట్టే ఉంటావు."

"టైప్ చేసి చెరిపేసింది తొమ్మిదిసార్లు. వానరోజు ఒకసారి."

"మొత్తం పది."

"పది."

ఆమె నా చేతిలోంచి రైఫిల్ తీసుకుని, తూటా లేదని చూసి, బల్లమీద జాగ్రత్తగా పెట్టింది. కళ్ళు తడిగా ఉన్నాయి. "మొదటి పది లెక్కలోకి రావు నిశాంత్," అంది. "ఇప్పుడు చెప్పు."

చెప్పాను. నాకు తెలిసిన మాటల్లో, తడబడుతూ, మధ్యలో కరీంనగర్ కూడా కలిసిపోయింది. ఆమె ఒక్క మాట కూడా సరిదిద్దలేదు. బల్లమీద ఉన్న నా చేతిమీద చెయ్యి వేసి ఉంచింది.

వెనక బెంచీ మీద దెబోరా ఆంటీ చెవులకి పెద్ద మఫ్స్ పెట్టుకుని కూర్చుంది. ఒక చెవి పక్కకి జరిపి అడిగింది.

"అన్నాడా?"

"అన్నాడమ్మా."

"అయితే మీ నాన్నకి ఫోన్ కలుపు," అంది ఆవిడ. "పొద్దున్నించీ కనుక్కుంటానే ఉన్నాడు."