తేలు తోక రాని గ్లాసు

"విదేశీ గూఢచారి ముఠాలోని తొమ్మిది పేర్లూ ఇంజనీరు తోవార్ బుర్రలోనే ఉన్నాయి. కాగితం లేదు, ఫిల్మ్ లేదు. ఒంటిగంటకి నీకు చెబుతాడు. అంతవరకు అతన్ని బతికించు," అన్నాడు చీఫ్ ఫోన్లో.

"ఎక్కడ, సార్?" అడిగాడు ఏజెంట్ ఎవరిస్తో.

"పచూకా ఊళ్లో. గనికార్మికుల వాడలో, కొండమీద దోన్యా చోలె కల్లుదుకాణం. ఇంకెక్కడికీ రాడట, మొండివాడు. ఇంకో మాట. మనవాళ్లలో ఒకరు ఆ విదేశీ ముఠాకి అమ్ముడుపోయారు. ఎవరో తెలీదు."

ఎవరిస్తో గ్యాస్ సిలిండర్లు మోసేవాడి వేషంలో మెట్లెక్కాడు. చొక్కా గుండీలో మైక్రోఫోన్. బోర్డు లేని పచ్చ తలుపు తోసి లోపలికి వెళ్లాడు. మూల గిటారు వాయిస్తున్న ముసలాడిని అనుమానించాడు. ఎండురొయ్యలు నములుతున్న ఇద్దరినీ అనుమానించాడు. తనకు సాయంగా ఆఫీసు పంపిన రెనాతాను కూడా వదల్లేదు. పట్టు స్కార్ఫు, ఎర్ర కళ్లద్దాలు. ఈ వాడలో ఇంత సొగసెందుకు?

"అలా చూడకు బాబూ, కాలిపోతాను," అంది రెనాతా.

తోవార్ అప్పటికే ఒక గ్లాసు ముగించాడు. అడుగున మిగిలిన తెల్లటి కల్లును సిమెంటు నేలమీదకి విసిరాడు. అది జిగటగా సాగి, వంకర తోకలా పడింది.

"చూశావా తేలు! తోక రాకపోతే తాగినవాడు మగాడే కాడు!"

"తోక సాగింది నీ మగతనానికి కాదయ్యా, నా చిక్కటి కల్లుకి. ఏదైనా కలిపితే సాగదు," అంది దుకాణం యజమానురాలు దోన్యా చోలె.

రెనాతా లేచి వెళ్లి రెండు గ్లాసులు తెచ్చింది. "ఇది ఇంజనీరు గారికి. ఇది మా గ్యాస్ బాబుకి."

ఆమె ఉంగరం రాయి మూత తీసినట్టు పక్కకి తిరిగి ఉంది. ఇందాక అలా లేదు. అంతమాత్రానికే తోటి ఏజెంటును పట్టుకోలేడు. తోవార్ గ్లాసు పెదవుల దాకా ఎత్తాడు.

ఎవరిస్తో దాన్ని లాక్కుని మొత్తం నేలమీదకి విసిరాడు.

"ఓరి పిచ్చోడా, తాగాక కదా విసిరేది!" అరిచాడు తోవార్.

కల్లు నీళ్లలా చింది నాలుగు వైపులా పరుచుకుంది. తోక లేదు. గిటారు ఆగిపోయింది.

"నా పీపాలో కల్లు కాదిది," అంది దోన్యా చోలె నెమ్మదిగా. "ఇందులో ఏం కలిపావే, పట్టుస్కార్ఫూ?"

రెనాతా చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది. ఎవరిస్తో తన గ్లాసులోని కల్లు ఆమె ముఖాన కొట్టాడు. ఎర్ర కళ్లద్దాలను జిగట కప్పేసింది. పిస్టల్ పేలి పైకప్పు పెచ్చు రాలింది. మరుక్షణం ఆమె చేతులకు బేడీలు పడ్డాయి.

తోవార్ వంగి తొమ్మిది పేర్లూ ఎవరిస్తో చొక్కా గుండీకి చెప్పాడు.

"అందాయి. వెంటనే బయల్దేరు, దేశం ఎదురుచూస్తోంది," అన్నాడు చీఫ్ ఫోన్లో.

తలుపుకి అడ్డంగా దోన్యా చోలె నిలబడింది, చేతిలో బకెట్, తడిగుడ్డ.

"దేశాన్ని తర్వాత కాపాడుదువుగానీ నాయనా. ముందు నేల తుడు. ఆ విషం నాకితే నా పిల్లి చస్తుంది."