కలుపుకోల

ఆరునెలలకోసారి ఇళ్లు జరిగే రోజది. చక్రపాణి తన ఇంటి ముందరి కిరాణా కొట్టులో సీసాలు దొర్లకుండా చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు. పట్టాల మీద జరుగిళ్లు కిర్రుమంటూ చోట్లు మార్చుకుని ఆగాయి. వీధి మొదట్లో పాతిన కొలత స్తంభం, కలుపుకోల, పచ్చగా వెలిగింది. ఏ రెండు పక్కిళ్లూ ఒకే కులానివి కాకూడదు, వాటి మధ్య ఎడం పెరగకూడదు అన్నది దాని లెక్క. రోజూ చీకటి పడగానే కొలిచి, సరిపోతే పచ్చగా వెలుగుతుంది. ఊరు వేరు, వాడ వేరు అన్నది ఈ పట్నంలో లేకుండా చేసింది అదే.

కలుపు అంటే కలపడమని దాన్ని పాతినవాళ్లు పలక మీద రాయించారు. ఏడాది తిరక్కుండానే జనం ఆ మాటను పొలానికి లాక్కుపోయారు. వాడ నుంచి వచ్చినవాళ్లను చాటున కలుపు అనడం మొదలుపెట్టారు. పీకిపారేసే కలుపు.

ఈసారి చక్రపాణి ఇంటికి ఎడమ పక్కన, వాడ నుంచి వచ్చిన సువార్తమ్మ ఇల్లొచ్చింది. ఆ కుదుపులకు ఆ ఇంట్లో మంచం పట్టిన ముసలామె ప్రాణం పోయింది. పొద్దు వాలుతుండగా సువార్తమ్మ కొట్టు ముందుకొచ్చింది.

"అన్నా, మా అత్త పోయింది. పొద్దుగుంకేలోగా పూడ్చాలి. ఇంట్లో నేనూ కూతురే. మొయ్యడానికి మనుషులు కావాలి."

"మీవాళ్లు రారా?"

"వీధికొకళ్లుగా చల్లారు గదా మమ్మల్ని. మావాళ్లు నలుగురు ఒకచోట చేరితే కోల ఎర్రబడి వీధి గేటు మూసేస్తది. వాడలో అయితే అడిగే పనే లేదు. ఏడుపు వినబడితే వచ్చేవాళ్లు."

ఎదురింటి అరుగు మీంచి నరసమ్మ పలకరించింది. "ఏం పాణీ, కలుపుతో బేరమా?"

చక్రపాణి లోపల తక్కెడ ఊగింది. ఒక పళ్లెంలో ఈమె, రెండో పళ్లెంలో వీధి. భుజం పట్టాడంటే రేపు ఉప్పుకు కూడా ఎవరూ గడప తొక్కరు.

"భుజం ఇవ్వలేనమ్మా. తోపుడు బండి ఉంది, తీసుకుపో."

"బండికి కులం లేదా అన్నా?" అంది సువార్తమ్మ. బండి పిడి పట్టుకుని ఇంటివైపు తోసుకెళ్లింది.

తల్లీకూతుళ్లు శవాన్ని బండి మీద తోసుకుపోయారు. వీధిలో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

వాళ్లు బండి తెచ్చి అప్పజెప్పగానే చక్రపాణి దాన్ని నడివీధిలోకి లాగాడు. కడగమని ఎవరూ అనలేదు. అందరికీ కనబడాలని పసుపునీళ్లతో మూడుసార్లు కడిగాడు. తలుపులు తెరుచుకున్నాయి. నరసమ్మ పావుకిలో బెల్లం అడిగింది.

పసుపునీళ్లు పల్లానికి పారి సువార్తమ్మ గడప దగ్గర ఆగాయి. ఆమె అక్కడే కూచుని ఉంది. కాళ్లు వెనక్కి తీసుకోలేదు, అతని వైపు చూడనూ లేదు.

కలుపుకోల వేళ తప్పకుండా ఆ ఇద్దరి ఇళ్ల మధ్య దూరం కొలిచింది. ఆరడుగులే. పచ్చగా వెలిగింది.