అమ్మీ గదిలో ఉన్నారు

మా చెల్లెలు సుమేరాకు ఆడపిల్ల పుట్టిందన్న సంతోషం మాకు ఒక పూటే నిలిచింది. ఆ తర్వాత పోట్లాట మొదలైంది. మొదటి కాన్పు పుట్టింటిది, నలభై రోజుల చిల్లా తల్లి దగ్గరే గడవాలని మా అమ్మీ షహజాది బేగం పట్టు పట్టింది. ఆపరేషన్ అయిన మనిషిని శామీర్‌పేటలో మా ఇంటి దాకా తిప్పనని మా మరిది ఉబేద్ మొండికేశాడు. మా ఇంట్లో బాత్రూం పెరట్లో ఉంటుంది, కాబట్టి గట్టిగా వాదించలేకపోయాం. చివరికి నేను నా కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి, అమ్మీని వెంటబెట్టుకుని, గండిమైసమ్మ చౌరస్తా దాటి దుండిగల్ దగ్గర వాళ్ళు కొత్తగా కట్టుకున్న ఇంటికి వెళ్ళాను.

ఆ కాలనీలో ఇళ్ళ కంటే ఖాళీ ప్లాట్లే ఎక్కువ. పగలంతా శిక్షణ విమానాలు నెత్తిమీద గిరికీలు కొడతాయి. పొద్దు వాలితే మాత్రం మాట్లాడాలన్నా భయమేసేంత నిశ్శబ్దం. సుమేరాకు అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అందుకే ఈ పిల్లను మేము అరచేతుల్లో పెట్టుకుని చూసుకున్నాం. ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదిలేవాళ్ళం కాదు.

ఉబేద్ మంచివాడే. కాకపోతే ఆన్‌లైన్‌లో ఏది కనిపిస్తే అది కొంటాడు, ఫోన్ ఏది అడిగితే దానికి సరే అంటాడు. ఆ ఇంట్లో లైటు వేయాలన్నా ఫోనే కావాలి. ఒకరోజు నేను స్నానం చేస్తుంటే బల్బు అప్‌డేట్ అవుతోందట, సబ్బు మొహంతో చీకట్లో నిలబెట్టింది. నా మొగుడి మీద కంటే ఆ బల్బు మీదే నేను ఎక్కువ తిట్లు ఖర్చు పెట్టి ఉంటాను.

అతను అలా కొన్నవాటిలో ఒకటి ఇల్లు ఊడ్చే రోబో. రొట్టెల పెనమంత ఉంటుంది. ముందువైపు చిన్న కెమెరా, లోపల ఒక ఆడగొంతు. మంచం కింద ఇరుక్కుంటే, "నేను ముందుకు వెళ్ళలేకపోతున్నాను. దయచేసి సహాయం చేయండి," అనేది. "గిదేం తెలుగే, స్కూల్ల టీచరమ్మ లెక్క!" అని అమ్మీ పడీ పడీ నవ్వేది.

అది రోజూ సరిగ్గా పొద్దుగూకే మగ్రిబ్ అజాన్ వేళకు కదిలేది. అది చూసి అమ్మీ నవ్వు ఆగిపోయింది.

"బాలింత ఉన్న ఇంట్ల దీపాలు పెట్టంగ చీపురు వట్టరు, ఉబేద్ మియా."

"ఇది చీపురు కాదు అమ్మీ, మిషన్. ఊడ్వది. గుంజుకుంటది."

"ఏం గుంజుకుంటదో దానికి ఎరుకనా బేటా?"

ఉబేద్ నవ్వేశాడు. నేనూ నవ్వాను. అయినా అమ్మీ మనసు కోసం టైం మార్చబోయాడు. మార్చాలంటే ముందు కొత్త అప్‌డేట్ వేసుకోమంది యాప్. వేసుకున్నాడు. టైం మారలేదు గానీ మిషన్‌కు మనుషులను గుర్తుపట్టే తెలివి వచ్చింది.

మర్నాడు సాయంత్రం ఉబేద్ తన తమ్ముడితో వీడియో కాల్‌లో ఉన్నాడు. ఫోన్ మీద మాటిమాటికీ ఒక ప్రశ్న వచ్చి పడుతోంది. పక్కనే కూర్చున్న నాకూ కనిపించింది. మిషన్ పడకగదిలో తీసిన ఫోటో. మసకలో తెల్లగా రెండు పాదాలు. కింద, "ఈ వ్యక్తి మీ ఇంటి మనిషేనా?" అని ఉంది. రెండే జవాబులు: 'అవును', 'తర్వాత అడగండి'. కాదు అనడానికి చోటే లేదు.

"దీని పరేషాన్ ఏందో!" అని విసుక్కుని 'అవును' నొక్కాడు. పేరు అడిగింది. "అమ్మీ కాళ్ళే గదా," అని 'అమ్మీ' అని కొట్టాడు.

లోపలి నుంచి మిషన్ గొంతు వినిపించింది. "అమ్మీ, మీకు స్వాగతం."

అమ్మీ వంటింట్లోంచి తల బయటపెట్టింది. చేతులకు పిండి. "నేను పొద్దుగాలటి సంది గా రూముల అడుగే పెట్టలే," అంది. మతిమరుపు అనుకున్నాం.

ఆ రోజు నుంచి దానికి కొత్త మర్యాద పట్టుకుంది. ఇంటి మనిషి ఉన్న గదిలోకి వస్తే చెప్పి మరీ శబ్దం తగ్గించుకునేది. పాప కూడా మారింది. మగ్రిబ్ వేళకు గుక్కపట్టి ఏడ్చేది. మిషన్ గదిలోకి రాగానే టక్కున ఆపేసేది. ఆపి... తలుపు మూల వైపు రెప్పవేయకుండా చూసేది. అమ్మీ రోజూ లోబాన్, అదే సాంబ్రాణి, పొగ వేస్తుంది, ఆ వాసన నాకు తెలుసు. గదిలో ఇప్పుడు వచ్చేది అది కాదు. చల్లటి కర్పూరం వాసన. శవానికి స్నానం చేయించే నీళ్ళలో కలుపుతారే, ఆ వాసన. ఎవరికీ చెప్పలేదు. బాలింత వింటుందని భయం.

ఆ శుక్రవారం పొద్దుగూకే వేళ ఉబేద్ నమాజుకు పోయాడు. సుమేరా స్నానానికి వెళ్ళింది. అమ్మీ హాల్లో జానమాజ్ పరుచుకుని నమాజుకు నిలబడింది. నేను ఏడుస్తున్న పాపకు నూనె రాసి, పౌడర్ అద్దుతుంటే డబ్బా చేయి జారింది. తలుపు నుంచి మంచం దాకా గచ్చంతా పౌడర్ తెల్లగా పరుచుకుంది. సరేలే, మిషన్ గారు వచ్చే టైమే కదా అనుకున్నాను.

వచ్చింది. గడప దాటి ఆగింది. పాప ఏడుపూ టక్కున ఆగింది.

"అమ్మీ గదిలో ఉన్నారు. శబ్దం తగ్గిస్తున్నాను."

నేను హాల్లోకి చూశాను. అమ్మీ సజ్దాలో ఉంది. నుదురు నేలకు ఆనించి.

మిషన్ తలుపు వైపు నుంచి పౌడర్ లాగుతూ వచ్చింది. ఒక వరుస. ఇంకో వరుస. గచ్చు నల్లగా తేలుతోంది. తలుపు మూల దగ్గర మాత్రం ఆగి, పక్కకు తిరిగి, చుట్టి వెళ్ళింది. అది వదిలేసిన చోట పౌడర్ అలాగే మిగిలింది. రెండు పాదాల ఆకారం. పక్కపక్కనే, అతుక్కున్నట్టు.

 పాప కూడా ఆ మూలకే చూస్తోంది.

మంచం ముందు ఇంకా ఊడ్వని పౌడర్ ఉంది. ఆ పౌడర్ కదిలింది. అడుగు పడలేదు... రెండు పాదాలూ ఒక్కసారే జరిగినట్టు చార పడింది. జానెడు. ఆగింది. మళ్ళీ జానెడు.

పాప నిద్రపోవడానికి పాటలు పెట్టే ట్యాబ్ మంచం మీదే ఉంది. ఉబేద్ యాప్ అందులోనూ ఉంది. అది టింగుమంది. మిషన్ ఫోటో పంపింది. ఈసారి మసక లేదు. పాలిపోయిన పాదాలు. రెండు బొటనవేళ్ళూ కలిపి తెల్ల గుడ్డపీలికతో ముడి వేసి ఉన్నాయి.

మాలో ప్రాణం పోయిన మనిషి కాళ్ళు విడిపోకుండా అలా కడతారు. మా నాయిన కాళ్ళకు కట్టింది నేను చూశాను.

చార మంచం కోడు దగ్గరికి వచ్చింది. కర్పూరం వాసన ముక్కు పగిలేలా... పాప చేతులు చాచింది. నా వైపు కాదు. మంచం అవతలికి.

ఎలా లేచానో తెలియదు. పిల్లను గుండెకు అదుముకుని, చేతికందిన ట్యాబ్‌తో సహా రెండో వైపు నుంచి దూకాను. మోకాలు గచ్చుకు తగిలింది. హాల్లో అమ్మీ అప్పుడే సలాం ఫిరాయించి, నమాజు ముగించి, నా మొహం చూసింది.

"ఏమైందే తస్లీమ్?" గుసగుసగా అడిగింది.

"సుమేరాను తీస్క రా అమ్మీ. జల్దీ. గా రూములకు పోకు."

అమ్మీ ఇంకేమీ అడగలేదు. ఉబేద్ మసీదు నుంచి వచ్చేసరికి మేం గేటు బయట నిలబడి ఉన్నాం, సుమేరా తడి జుట్టుతోనే. ట్యాబ్‌లో ఫోటో చూపించాను.  లోపలికి పోయి మిషన్‌ను బోర్లా తిప్పి, బ్యాటరీ ఊడబీకి, ఇంటికి తాళం వేసి వచ్చాడు. అందరం కారెక్కాం. పాప ఊపిరి తీస్తోందా లేదా అని నేను దారి పొడుగునా వేలు పెట్టి చూసుకుంటూనే ఉన్నాను.

శామీర్‌పేటలో మా ఇంటి గడప తొక్కాక ప్రాణం కాస్త కుదుటపడింది. సుమేరా మంచం మీద వాలింది. అమ్మీ పాపను ఒళ్ళో వేసుకుని ఖురాన్ ఆయతులు చదివి మొహం మీద ఊదింది. నేను దూలానికి అమ్మీ పాత పచ్చ చీరతో తొట్టెల కట్టాను. పాప అమ్మీ ఒడి వదలకపోవడంతో అది ఖాళీగానే వేలాడుతోంది.

ఉబేద్ గోడకు ఆనుకుని ఫోన్ తీశాడు. "దాన్ని తీసేస్త, తస్లీమ్ ఆపా. నేనే పెట్టిన కదా ఆ పేరు. నేనే తీసేస్త." అతని కళ్ళల్లో నీళ్ళు. నాకు కోపం రాలేదు, జాలేసింది.

యాప్‌లో ఇంటి మనుషుల దగ్గరికి పోయి 'అమ్మీ'ని తొలగించమని నొక్కాడు. జవాబు వచ్చింది.

"ఇంటి మనిషిని తొలగించాలంటే వారి అనుమతి కావాలి. అమ్మీని అడుగుతున్నాం. దయచేసి వేచి ఉండండి."

ఫోన్ తెర మీద చిన్న సున్నా గుండ్రంగా తిరిగింది. అందరం మా అమ్మీ వైపు చూశాం. ఆమెకు ఉన్నది బటన్ల ఫోను. అది బ్యాగులో ఉంది.

తిరగడం ఆగింది.

"అమ్మీ ఒప్పుకోలేదు."

ఆ వెంటనే ఒక ఫోటో వచ్చింది. నేల మీద నుంచి పైకి తీసింది. పచ్చ చీర. నేను ఇప్పుడే వేసిన ముడి. దాని వెనక మా దూలం. ఊడబీకిన బ్యాటరీ ఉబేద్ జేబులోనే ఉంది.

"పిల్ల ఏది?" అన్నాను.

"నా ఒళ్ళనే ఉన్నది," అంది అమ్మీ, పాపను ఇంకా దగ్గరికి లాక్కుంటూ.

నేను మెల్లగా తల తిప్పాను. ఖాళీ తొట్టెల, లోపల ఎవరో ఉన్నట్టు, బరువుకు కిందికి జారి, గచ్చుకు ఆనుతూ, ఊగుతోంది.