తలుపులు వెయ్యని పిల్ల

లారీ హారన్!

ఆమె రెండేసి మెట్లు ఎక్కుతూ పరుగెడుతోంది. బయట చీకటి పడింది. మందుల గోడౌన్ ముందు తుక్కు లారీ వచ్చి ఆగింది. అందులోకి ఎక్కించాల్సింది పై అంతస్తులో ఉండి బిల్డింగ్ తాళాలు, కెమెరాలు నడిపిన పాత సర్వర్‌ని.

అన్న నడిపిన సర్వర్.

అన్నను మింగేసిన గది.

బావ ఇచ్చిన కార్డు తలుపు పక్కన పెట్టింది. పచ్చ లైటు. టిక్! లోపలికి దూరింది. అలవాటు కొద్దీ తలుపు బార్లా వదిలేసింది.

చల్లటి గది. అన్న కుర్చీ ఇంకా అక్కడే ఉంది. దాని వీపు మీద అతని స్వెట్టర్. ఎవరూ తియ్యలేదు. తలుపు లోపలి వైపు కొత్తగా రంగు వేశారు. ఆ రంగు కింద గోళ్ళ గీతలు...

ఆమె సర్వర్ దగ్గరికి నడిచింది.

ఆ రోజు మంటల్లేవు. అయినా పైకప్పులోంచి మంటలార్పే గ్యాస్ వచ్చింది. గదిలో గాలి లేకుండా పోయింది. అన్న కార్డు పని చెయ్యలేదు. "డిస్క్ కాలిపోయింది, సర్వర్ ఆగిపోయింది, తలుపు తెరుచుకోలేదు, ప్రమాదం" అని రాసుకుని కంపెనీ చేతులు దులిపేసుకుంది.

ఆమె నమ్మలేదు. ఆమెదీ ఇదే పని, వేరే ఆఫీసులో. నేర్పింది అన్నే.

సర్వర్ వైర్లు ఇంకా పీకలేదు. పవర్ బటన్ నొక్కింది. ఫ్యాన్లు గర్రుమన్నాయి. స్క్రీన్ వెలిగింది.

ఒకే ఒక్క లైను. బూట్ అవడానికి, అంటే మెషీన్ లేవడానికి, ఏమీ దొరకలేదట!

ఫోన్ మోగింది. బావ. అక్క మొగుడు. ఈ బిల్డింగ్ సెక్యూరిటీ అంతా ఆయన చేతిలోనే ఉంది.

"గది చూస్తానన్నావు, చూశావు కదా? ఇక దిగిరా మరదలా. లారీ వాళ్ళు గొణుగుతున్నారు."

"మెషీన్ ఆన్ చేశాను బావా."

బావ గొంతు పెరిగింది.

"పిచ్చిదానా! బూట్‌లోడరే లేకపోతే అదెలా లేస్తుందే? వదిలెయ్. అక్క ఎదురుచూస్తోంది."

"ఒక్క ఐదు నిమిషాలు బావా!"

ఫోన్ పెట్టేసింది. బూట్‌లోడర్... అవును కదా!

మెషీన్ కళ్ళు తెరవగానే మొదట పలికేది అదే. డిస్క్‌లో మెషీన్‌ని నడిపే లైనక్స్ ఎక్కడుందో చూపించి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్తుంది. "అది పోతే గుమ్మం లేని ఇల్లేనే! సామాను ఎక్కడికీ పోదు. మనమే లోపలికి వెళ్ళలేం," అనేవాడు అన్న.

పెన్‌డ్రైవ్ గుచ్చింది. దాంతో మెషీన్‌ని లేపి, డిస్క్‌లోకి తొంగిచూసింది.

కాలిపోలేదు!

ఫైళ్ళన్నీ ఉన్నాయి. కెమెరా రికార్డింగులతో సహా! డిస్క్‌లో బూట్‌లోడర్ ఉండాల్సిన మొట్టమొదటి ముక్క ఒక్కటే ఖాళీ. అన్నీ సున్నాలే. దానంతట అది చెడిపోతే ఇంత శుభ్రంగా చెడదు. ఎవరో తుడిచేశారు.

గ్రబ్ అనే బూట్‌లోడర్‌ని మళ్ళీ ఎక్కించింది. బూట్ మెనూ కొత్తగా తయారు చేయించింది. ఎర్రర్ రాలేదు. పెన్‌డ్రైవ్ లాగేసి రీస్టార్ట్ కొట్టింది.

ఫ్యాన్లు ఆగి... మళ్ళీ లేచాయి.

అప్పుడు తట్టింది!

కంపెనీలో అందరూ అనేది డిస్క్ కాలిపోయిందనే. రిపోర్టులోనూ అదే ఉంది. మరి బూట్‌లోడర్ లేదని బావకెలా తెలుసు?



నడుస్తున్న మెషీన్‌లో బూట్‌లోడర్ తుడిచేసినా దానికి తెలియదు. నిక్షేపంలా నడుస్తూనే ఉంటుంది. రీస్టార్ట్ చేసినప్పుడే బయటపడుతుంది. అన్న దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కల్లో బావ ఇదొక్కటీ బాగా గుర్తుపెట్టుకున్నాడు...

ధడేల్!

తలుపు మూసుకుంది. తలుపు అద్దంలో బావ ముఖం.

ఆమె కార్డు పెట్టింది. ఎర్ర లైటు. మళ్ళీ పెట్టింది. ఎర్ర లైటు!

"నా కార్డే కదమ్మా. ఇప్పుడే బ్లాక్ చేశాను."

"అన్న కార్డు కూడా నువ్వే..."

"గోడౌన్‌లోంచి పెట్టెలు పోవడం వాడు కెమెరాలో చూశాడు. ఎవరికీ చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నాను. విన్నాడా? మీ అక్క ముఖం చూసైనా ఊరుకోవాలిగా!"

అతని చెయ్యి బయటి గోడ మీద గ్యాస్ వదిలే ఎర్ర బటన్ నొక్కింది.

సైరన్!

కాసేపట్లో గ్యాస్ వచ్చేస్తుంది. ఆమె స్క్రీన్ వైపు తిరిగింది. మెనూ వచ్చింది. రెండే రెండు లైన్లు.

అన్న.

చెల్లి.

ఎప్పుడో అన్న చెప్పిన మాటలు చెవిలో మోగాయి.

"రెండోదానికి నీ పేరెందుకు పెట్టానో తెలుసా? ఇంట్లో ఒక్క తలుపూ వెయ్యవు కదా మహాతల్లీ! ఇదీ అంతే. ఇది ఎంచుకుంటే బిల్డింగ్‌లో తాళాలన్నీ ఊడిపోతాయి. ఆపదలో పనికొస్తుంది." ఎంత నవ్వాడో ఆ రోజు!

ఊపిరాడని ఆ రోజున అన్న దీనికోసమే రీస్టార్ట్ చేసి ఉంటాడు. ఈ కుర్చీలోనే కూర్చుని ఉంటాడు. నల్లటి స్క్రీన్ మీద చెల్లి పేరు కోసం చూస్తూ చూస్తూ పోయాడు.

ఏడుపు తన్నుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని, కింది బాణం నొక్కింది. ఎంటర్!

లైన్లు పరుగెడుతున్నాయి. సైరన్ చెవులకు చిల్లులు పొడుస్తోంది. స్వెట్టర్ లాగి ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇంకా అన్న వాసనే.

రా... రా అన్నా... తొందరగా రా!

టిక్!

కింద ఎక్కడో మరో టిక్. ఆ వెనక ఇంకోటి. బిల్డింగంతా టిక్ టిక్‌మంటోంది. గది మూల కెమెరాలో ఎర్ర చుక్క వెలిగింది. రికార్డింగ్ మొదలైంది!

బావ దాన్ని చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

తలుపు బయటికి లాగి లోపలికి ఉరికాడు. ఆమెను ఒక్క తోపు తోశాడు. ఆమె గుమ్మం అవతల పడింది. అతను సర్వర్ వెనక దూరి కేబుల్ పట్టుకుని లాగేశాడు.

ఫ్యాన్లు ఆగిపోయాయి. కెమెరా ఆరిపోయింది.

సర్వర్ ఆగితే తాళాలు మళ్ళీ బిగుసుకుంటాయి. దొంగల భయంతో కంపెనీ పెట్టించిన ఏర్పాటు అది. ఆ తర్వాత కార్డు ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది.

బావ కార్డు ఆమె చేతిలో ఉంది, అదీ అతనే బ్లాక్ చేసింది.

అతనికి ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

సైరన్ ఆగింది. పైకప్పులో బుస్సుమని చప్పుడు! ఆమె లేచి తలుపు పట్టుకుంది.

"మరదలా! తలుపు వెయ్యకే! మీ అక్క... మీ అక్క గురించి ఆలోచించవే!"

అక్క ముఖం కళ్ళ ముందు మెదిలింది. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఎదురుగా, సగం తెరిచిన తలుపు మీద, రంగు కింద... ఆ గోళ్ళ గీతలు.

బావ పరుగెత్తుకొస్తున్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఏనాడూ ఒక్క తలుపు వెయ్యని పిల్ల...

వేసింది.

టిక్!